ఎడమ చేతి తిమ్మిరి, ఉత్తరం చివర కుడి చేయి

ప్రశ్న:

డాక్టర్ గారికి నమస్కారం. నాకు 52 ఏళ్లు. లెక్కలు రాసే ఉద్యోగం, రోజంతా కంప్యూటర్ ముందే కూర్చుంటాను. మూడు నెలలుగా రాత్రి రెండు, మూడు గంటల వేళ ఎడమ చేయి తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది. మంటగా, సూదులతో గుచ్చినట్టు ఉంటుంది. లేచి కూర్చుని చేయి విదిలిస్తే కాసేపటికి తగ్గుతుంది. ఈ మధ్య పగటిపూట ఫోను పట్టుకున్నా మొదలవుతోంది. ఎడమ చేయి కదా, గుండె జబ్బేమోనని భయం. మా వారేమో నరాల బలహీనత, విటమిన్ మాత్రలు వేసుకో అంటారు. మా అమ్మాయి మెడకు ఎంఆర్ఐ తీయించుకోమంటోంది. ఇంటర్నెట్‌లో చదివిన పాపానికి రెండు రాత్రులు నిద్ర లేదు. నిజం చెప్పాలంటే నొప్పి భరించలేనంతగా ఏమీ లేదు. అసలు ఎంత నొప్పి వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి? చిన్నదానికే పరుగెత్తి, ఏమీ లేదని పంపించేస్తే చిన్నతనంగా ఉంటుంది. బీపీ మాత్ర వాడుతున్నాను, అప్పుడప్పుడు మరిచిపోతుంటాను. అన్నట్టు, మొన్న మంగళవారం ఫోనులో మాట్లాడుతుండగా కుడి చేయి, కుడి వైపు పెదవి మొద్దుబారి మాట ముద్దముద్దగా వచ్చింది. పది నిమిషాల్లో దానంతట అదే సర్దుకుంది. అలసట అనుకుంటాను. ఎడమ చేతి సంగతి మాత్రం దయచేసి చెప్పండి.
– ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం దాదాపు అంతా ఎడమ చేతి గురించే. కుడి చేతికి మూడే వాక్యాలు ఇచ్చారు, అవి కూడా "అన్నట్టు" అంటూ, తలుపు దాకా వెళ్లినవారు వెనక్కి తిరిగి ఒక మాట చెప్పినట్టు. వైద్యం చేసేవారికి ఈ "అన్నట్టు" బాగా పరిచయం. రోగి అరగంట మాట్లాడి, లేచి, చెప్పులు వేసుకుంటూ అనే మాటలోనే చాలాసార్లు అసలు జబ్బు ఉంటుంది.

మీ ఉత్తరం నాకు శుక్రవారం అందింది. అది అచ్చయ్యే దాకా ఆగే విషయం కాదు కాబట్టి ఆ పూటే మీకు ఫోను చేశాను, మీరు ఆ సాయంత్రమే ఆసుపత్రికి వెళ్లారు. అక్కడ ఏం తేలిందన్నది మీ సొంత విషయం, ఇక్కడ రాయను. కానీ ఎందుకు అంత తొందర పెట్టానో చెప్పాలి. మీలాగే అలసట అనుకుని ఊరుకునేవారు చాలామంది ఉంటారు.

శరీరంలో ఒక పక్క ఉన్నట్టుండి మొద్దుబారి, మాట తడబడి, కాసేపటికి మామూలైపోతే దాన్ని తాత్కాలిక పక్షవాతం అనుకోవాలి. వైద్యులు టీఐఏ అంటారు. మెదడులో ఒక చిన్న భాగానికి రక్తం అందడం ఆగి, మళ్లీ మొదలైందని అర్థం. కుడి చేయి, కుడి పెదవి, మాట, ఈ మూడూ ఒకేసారి పోవడం యాదృచ్ఛికం కాదు. ఎక్కువమందిలో మాటను నడిపేది మెదడు ఎడమ సగం. కుడి పక్క శరీరాన్ని నడిపేది కూడా అదే. చేయి మీద పడుకుంటే పెదవి మొద్దుబారదు. మెడలో నరం నొక్కుకుంటే మాట ముద్దగా రాదు. ఆ మూడింటినీ కలిపి ఒకే దెబ్బలో పట్టుకోగల చోటు మెదడు తప్ప మరొకటి దాదాపు లేదు.

ఇక్కడ అందరూ మోసపోయేది ఆ "సర్దుకుంది" అన్న మాట దగ్గరే. తగ్గిపోయింది కదా, ఇంకెందుకు వెళ్లడం అనిపిస్తుంది. నిజానికి టీఐఏ తర్వాత పూర్తి పక్షవాతం వచ్చే ప్రమాదం మొదటి రెండు రోజుల్లోనే అన్నింటికంటే ఎక్కువ, ఆ తర్వాత కొన్ని వారాల వరకూ కొంత ఉంటుంది. వారం లోపల ఇలాంటిది జరిగి ఉంటే అదే రోజు, ఆలస్యమైతే మర్నాటికల్లా డాక్టర్ చూడాలి. బీపీ, షుగర్, ఈసీజీ, మెదడు స్కాన్, మెడలోని రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ వంటివి చేస్తారు. ఈసీజీ ఎందుకంటే, గుండె లయ తప్పి కొట్టుకున్నప్పుడు అందులో గడ్డకట్టిన రక్తం మెదడుకు ఎగదన్నే అవకాశం ఉంది. కారణం దొరికితే దాని మందు దానికి ఉంది. ఆ మందులు పెద్ద పక్షవాతాన్ని చాలావరకు తప్పిస్తాయి. ఇక ఆ బీపీ మాత్ర "అప్పుడప్పుడు మరిచిపోతుంటాను" అన్నారు. దాని మీద నేను విడిగా కోప్పడను, ఆసుపత్రిలో ఈపాటికే కోప్పడి ఉంటారు.

ఇలాంటిది మళ్లీ వస్తే తగ్గుతుందా లేదా అని పది నిమిషాలు చూడటం వద్దు. వస్తుండగానే అంబులెన్స్‌కు ఫోను చేయాలి. అది టీఐఏనా, పక్షవాతమా అన్నది అయిపోయాక గానీ తెలియదు. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపలే ఇస్తారు. పెద్ద నాళంలో అడ్డుపడిన గడ్డను గొట్టంతో లాగి తీసే చికిత్సకు, తగిన రోగుల్లో, 24 గంటల వరకూ వీలుంది. అయితే పెద్ద నాళం మూసుకుపోయినప్పుడు నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని 2006లో లెక్క కట్టారు. అందుకే గడియారం చూసి, లక్షణం మొదలైన సమయాన్ని గుర్తుపెట్టుకోండి. ఆసుపత్రిలో మొదట అడిగేది అదే. ఇంట్లో ఉంది కదా అని ఆస్పిరిన్ మింగవద్దు. మెదడులో రక్తం గడ్డకట్టిందా, రక్తస్రావం అయిందా అన్నది స్కాన్ తీస్తే గానీ తెలియదు. రెండోదైతే ఆస్పిరిన్ హాని చేస్తుంది.

ఇప్పుడు మీరు అడిగిన ఎడమ చేతికి వస్తాను.

మీరు వర్ణించిన తీరు చాలా మటుకు కార్పల్ టన్నెల్ సిండ్రోమ్‌లా ఉంది. మణికట్టు దగ్గర అరచేతి వైపు ఒక ఇరుకైన సొరంగం ఉంటుంది. వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులు, వాటితో పాటు మీడియన్ నరం అందులోంచే వెళ్తాయి. లోపల కొంచెం వాచినా ముందు నలిగేది ఆ నరమే. నిద్రలో మనకు తెలియకుండా మణికట్టు ముడుచుకుపోతుంది, సొరంగం మరింత ఇరుకవుతుంది, అందుకే నడిరాత్రి మెలకువ. చేయి విదిలిస్తే తగ్గడం ఈ జబ్బుకు ఎంత గుర్తంటే, రోగి మాటల్లో చెప్పకుండా చేయి విదిలించి చూపించినా డాక్టర్‌కు సగం అర్థమైపోతుంది.

మీరు రాయని విషయం ఒకటుంది. ఏ వేళ్లు? ఈసారి మెలకువ వచ్చినప్పుడు దీపం వేసి, చిటికెన వేలిని, చూపుడు వేలిని విడివిడిగా తాకి చూడండి. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలిలో మధ్య వేలి వైపున్న సగం మొద్దుబారి, చిటికెన వేలు మామూలుగా ఉంటే అది మీడియన్ నరం. ఉంగరపు వేలు నడిమికి చీలినట్టు ఒక సగం తెలిసి, ఒక సగం తెలియకపోవడం వింతగా ఉంటుంది గాని, నరాల పటం అలాగే గీసి ఉంది. చిటికెన వేలు, దాని పక్క సగం మాత్రమే అయితే అది అల్నార్ నరం. మోచేతి వెనుక తగిలితే జివ్వుమంటుందే, ఆ నరం. మెడ తిప్పినప్పుడు భుజం మీదుగా చేతిలోకి కరెంటు కొట్టినట్టు దిగుతుంటే అప్పుడు మెడను అనుమానించాలి. కాగితం మీద అరచేయి గీసి, మొద్దుబారిన చోటు పెన్సిల్‌తో నింపి డాక్టర్‌కు చూపించండి. ఆ బొమ్మకున్న విలువ మొదటి రోజున ఎంఆర్ఐకి ఉండదు.

గుండె విషయం. గుండెపోటు నొప్పి ఎడమ చేతిలోకి పాకడం నిజమే. కానీ అది సాధారణంగా ఛాతీలో బరువుతో, ఆయాసంతో, చెమటతో, నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో వస్తుంది. చేయి విదిలిస్తే పోదు. మూడు నెలలుగా నడిరాత్రో, ఫోను పట్టుకున్నప్పుడో చేతిలో మాత్రమే వచ్చి, విదిలిస్తే తగ్గే తిమ్మిరి గుండె పని కాదు. అయితే ఆడవారిలో, మధుమేహం ఉన్నవారిలో గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండా, దవడలోనో, వీపులోనో, కేవలం ఆయాసంగానో, వికారంగానో రావచ్చు. కాబట్టి కొత్తగా, శ్రమతో పాటు చేతిలోనో దవడలోనో నొప్పి మొదలైతే ఎడమా కుడీ అని చూడకుండా వెంటనే వెళ్లండి.

ఎడమ చేతికి ఆత్రం అక్కరలేదు, అశ్రద్ధా పనికిరాదు. ఈ రెండు వారాల్లో ఒక డాక్టర్‌ను కలవండి. మణికట్టును వంగకుండా తిన్నగా ఉంచే పట్టీ రాత్రిళ్లు ఆరు వారాలు వేసుకుంటే చాలామందికి నిద్ర తిరిగి వస్తుంది. అది చాలకపోతే ఇంజెక్షన్, దానికీ లొంగకపోతే చిన్న శస్త్రచికిత్స. థైరాయిడ్ తగ్గినా, షుగర్ ఉన్నా, కీళ్లవాతం ఉన్నా ఇది వస్తుంది కాబట్టి ఆ పరీక్షలు అడుగుతారు. కంప్యూటర్‌ను అందరూ నిందిస్తారు గాని, దానికి వ్యతిరేకంగా సాక్ష్యం అంత గట్టిది కాదు. చేతిని అదరగొట్టే యంత్రాల మీద పని చేసేవారిలో, గట్టిగా బిగించి పట్టే పని పదే పదే చేసేవారిలో మాత్రం స్పష్టంగా ఎక్కువ. ఒక సంగతి ఉంటే రెండు వారాలు కూడా ఆగవద్దు. రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి బొటనవేలి మొదట్లో ఉన్న కండ చూడండి. ఎడమ వైపు అది చదునుగా, గుంటపడినట్టు ఉన్నా, గుండీలు పెట్టుకోలేకపోతున్నా, గ్లాసు చేయి జారుతున్నా, నరం స్పర్శతో పాటు బలాన్ని కూడా వదిలేస్తోందన్నమాట.

ఇక మీ అసలు ప్రశ్న: ఎంత నొప్పి వస్తే వెళ్లాలి?

ప్రశ్నలోనే చిక్కు ఉంది. నొప్పి ఎంతన్నది మంచి కొలత కాదు. అర్ధరాత్రి పిక్క పట్టేస్తే మనిషి కేక పెడతాడు, ఐదు నిమిషాల్లో మామూలవుతాడు, ఏమీ కాదు. మధుమేహం ముదిరిన ఒకాయన అరికాలిలో మేకు దిగినా తెలియక రోజంతా తిరిగి, సాయంత్రం చెప్పు విప్పి రక్తం చూసి గానీ గమనించలేదు. నొప్పి ఎంతంటే, సున్నా. కాలికి ముప్పు మాత్రం పెద్దది. నా అనుభవంలో మనుషులు నొప్పికి వస్తారు, మొద్దుబారడానికి రారు. బాధ లేదు కదా అంటారు. బాధ తెలిపే తీగే తెగిపోతుంటే బాధ ఎలా తెలుస్తుంది?

ఈ తప్పు నేనూ చేశాను, దాచుకోను. చాలా ఏళ్ల క్రితం బల్ల మీద మోచేతులు ఆనించి చదివే అలవాటు ఉండేది. కుడి చేతి చిటికెన వేలు మొద్దుబారింది. నొప్పి లేదు, పనికి అడ్డం రాలేదు, ఆరు నెలలు పట్టించుకోలేదు. ఒకరోజు నాతో పని చేసే ఒకామె నా చేయి చూసి, బొటనవేలికి, చూపుడు వేలికి మధ్య కండ ఏమైందని అడిగింది. అక్కడ గుంట పడి ఉంది. అంతవరకు తాళం తిప్పడానికి రెండో చేయి వాడుతున్నానని కూడా నాకు స్పృహ లేదు. శస్త్రచికిత్స అయ్యాక కోలుకోవడం ఎంత నెమ్మదో అప్పుడు తెలిసింది. దెబ్బతిన్న నరం రోజుకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు చొప్పున తిరిగి పెరుగుతుంది. మోచేతి నుంచి చేతి కండ దాకా అంటే దాదాపు ఏడాది. నాకు పూర్తిగా తిరిగి రాలేదు. బిగుసుకున్న సీసా మూత ఇప్పటికీ ఇంట్లో ఇంకొకరు తీయాల్సిందే.

కాబట్టి నొప్పి ఎంత అని కాకుండా, అది ఎలా వచ్చింది, ఎంతవరకు పాకింది, పోతూ పోతూ ఏ పనిని పట్టుకుపోయింది అని అడగండి.

ఎలా వచ్చిందంటే వేగం. చిటికేసినంతలో వచ్చినవాటి వెనుక చాలాసార్లు రక్తనాళం ఉంటుంది. మీ మంగళవారం అలాంటిదే. జీవితంలో ఎన్నడూ ఎరుగనంత తలనొప్పి ఒక్క క్షణంలో విరుచుకుపడటం, ఛాతీలోనో వీపులోనో చీల్చినట్టు నొప్పి, ఒక కాలో చేయో ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, నొప్పితో మొద్దుబారడం కూడా ఈ కోవలోవే. ఆ చివరిది రక్తం పూర్తిగా ఆగిపోయినప్పుడు వస్తుంది. దానికి ఆరు గంటలకు మించి గడువు లేనట్టే. గంటల్లో, రోజుల్లో పెరుగుతూ పోయేవి వేరు. విరేచనాలో జలుబో తగ్గిన ఒకటి రెండు వారాలకు పాదాల్లో తిమ్మిరి మొదలై, మర్నాటికి మోకాళ్లు, ఆ మర్నాటికి మెట్లెక్కలేకపోవడం, ఆ తర్వాత చేతులు... ఇలా కింది నుంచి పైకి ఎక్కే జబ్బును గియాన్ బారే సిండ్రోమ్ అంటారు. అది ఊపిరి తీసే కండరాల దాకా ఎక్కవచ్చు. ఆ మెట్ల రోజునే ఆసుపత్రికి వెళ్లాలి. నెలల తరబడి మెల్లగా వచ్చేవి నొక్కుకున్న నరమో, షుగరో, విటమిన్ లోపమో అయి ఉంటాయి. వాటికి రాత్రికి రాత్రి పరుగెత్తక్కరలేదు, అపాయింట్‌మెంట్ చాలు.

ఎంతవరకు పాకిందన్నది హద్దుల సంగతి. రెండు పాదాలకూ మేజోళ్లు తొడిగినంత మేర సమానంగా మొద్దుబారితే శరీరమంతటికీ సంబంధించిన కారణం వెతకాలి. మధుమేహం, బీ12 లోపం, మద్యం, మూత్రపిండాల జబ్బు, కొన్ని మందులు ఇందులోకి వస్తాయి. తొడ బయటి వైపు అరచేయంత మేర మాత్రమే మంటగా, మొద్దుగా ఉండి, కాలి బలం మామూలుగా ఉంటే చాలాసార్లు అది బిగుతు బెల్టు పనో, పెరిగిన బరువు పనో. నడుం వదులు చేస్తే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. ఒంటికి ఒకే పక్క పట్టీలా మంట, పోటు వచ్చి, రెండు మూడు రోజులకు అదే చోట నీటి పొక్కులు లేస్తే అది అగ్గిచప్పి. పొక్కులు కనిపించిన 72 గంటల లోపల మందు మొదలుపెడితే ఎక్కువ మేలు. చర్మం మీద పాలిపోయిన మచ్చ ఉండి, దాని మీద స్పర్శ తెలియకపోతే కుష్ఠు ఏమో చూపించుకోవాలి. ఆ పేరుకు భయపడి మచ్చ దాచుకునేవారు ఇంకా ఉన్నారు. అది ఆరు నెలలో, పన్నెండు నెలలో మందులు వాడితే నయమయ్యే జబ్బు. ఆ మందులు 1995 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్వారా ఉచితంగా అందుతున్నాయి.

హద్దుల్లో ఒకటి మాత్రం మనుషులు నోరు తెరిచి చెప్పరు. నడుం నొప్పితో పాటు మలమూత్ర ద్వారాల చుట్టూ, తొడల లోపలి వైపు, అంటే సైకిల్ సీటు తగిలే మేర మొద్దుబారడం. కడుక్కునేటప్పుడు స్పర్శ తెలియదు. మూత్రం నిండినట్టు తెలియదు, లేదా వచ్చినట్టుండి రాదు. వెన్ను అడుగున గుర్రపు తోకలా వేలాడే నరాల కట్ట మొత్తం నలుగుతోందని దాని అర్థం. వెంటనే స్కాన్ తీసి, అవసరమైతే గంటల్లో శస్త్రచికిత్స చేయాలి. ఆలస్యమైతే మూత్రం మీద అదుపు శాశ్వతంగా పోవచ్చు. నడుం నొప్పితో వచ్చినవారిని డాక్టర్ ఈ ప్రశ్న అడగకపోతే మీరే చెప్పండి. సిగ్గు ఆ పూటకు పక్కన పెట్టాల్సిందే.

ఇక పట్టుకుపోయిన పని. నా దృష్టిలో అన్నింటికంటే నమ్మదగ్గ గుర్తు ఇదే, ఎందుకంటే దీన్ని ఇంట్లోవారు కూడా చూడగలరు. కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియకుండా నడవడం. నడుస్తుంటే పాదం ముందు భాగం నేలకు తట్టుకోవడం. చీకట్లో, లేదా మొహం కడుక్కుంటూ కళ్లు మూసుకుంటే తూలడం. చేతిరాత మారిపోవడం. జేబులో చేయి పెట్టి, చూడకుండా ఏది నాణెమో ఏది తాళం చెవో చెప్పలేకపోవడం. ఇలాంటిది కొత్తగా ఒక్కటి వచ్చినా, నొప్పి ఉన్నా లేకపోయినా, ఆ వారంలోనే చూపించుకోవాలి. రోజురోజుకూ పెరుగుతుంటే ఆ రోజే.

నొప్పికి తోడు వచ్చేవాటిని కూడా చూడాలి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్, ఏ పక్కకు తిరిగి పడుకున్నా ఊరుకోని రాత్రి నొప్పి, ఎముక పెళుసుబారినవారిలో చిన్నగా జారిపడటం, ఒకే పిక్క వాచి నొప్పి పెట్టడం, వీటిలో ఏది ఉన్నా వేచి చూడవద్దు. ఇవేవీ లేకుండా ఒకే చోట తిమ్మిరి ఉండి, బలం బాగుండి, పెరగకుండా ఉంటే రెండు వారాలు గమనించడం తప్పు కాదు. కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటే వచ్చి, లేస్తే పోయే తిమ్మిరికి డాక్టర్ అక్కరలేదు. కంగారుగా వేగంగా ఊపిరి పీల్చినప్పుడు రెండు చేతుల వేళ్లలోనూ, నోటి చుట్టూ చీమలు పాకినట్టు ఉండటం కూడా ప్రమాదకరం కాదు. కాకపోతే అది కంగారే అని మొదటిసారి మీరు తేల్చుకోవద్దు, డాక్టర్‌ను తేల్చనివ్వండి.

ఇంకొకటి, మన భాష సంగతి. రోగులు "తిమ్మిరి" అన్న ఒక్క మాటలో మూడు వేర్వేరు విషయాలు కట్టి తెస్తారు. చీమలు పాకుతున్నట్టు, సూదులు గుచ్చినట్టు ఉండటం ఒకటి. తాకినా తెలియకపోవడం, అంటే మొద్దుబారడం, ఇంకొకటి. చేయి ఎత్తబోతే లేవకపోవడం మూడోది. "చెయ్యి తిమ్మిరండీ" అన్నవారిని చేయి పైకి ఎత్తమంటే ఎత్తలేకపోయిన సందర్భాలు నేను చూశాను. అది తిమ్మిరి కాదు, పక్షవాతం. నొప్పికైతే మనకు మాటల కొరతే లేదు: సలుపు, పోటు, పీకు, లాగు, మంట, జివ్వుమనడం, చురుక్కుమనడం, కలుక్కుమనడం. వీటిలో ప్రతి మాటా డాక్టర్‌కు ఒక ఆనవాలు. మంట, జివ్వుమనడం, కరెంటు కొట్టినట్టుండటం నరాన్ని చూపిస్తాయి. చీము పట్టిన వేలు సలుపుతుంది. కదిలితే కలుక్కుమనేది కండరమో కీలో. "ఏదో నొప్పిగా ఉంది" అనకుండా ఇంట్లో మాట్లాడుకునే ఆ మాటే అక్కడా వాడండి. పెద్ద డాక్టర్ ముందు అవి మోటుగా ఉంటాయని మింగేయకండి.

మీ అమ్మాయి చెప్పిన ఎంఆర్ఐ గురించి. బలం తగ్గడమో, వెన్నుపాము నలుగుతున్న గుర్తులో ఉంటే స్కాన్ తప్పనిసరి. ఊరికే తీయించుకుంటే మాత్రం భయం కొనుక్కున్నట్టవుతుంది. నొప్పి లేనివారి వెన్ను స్కాన్‌లను చూసిన 33 అధ్యయనాలను, మొత్తం 3,110 మందిని, 2015లో ఒకచోట చేర్చి పరిశీలించారు. డిస్క్ ఉబ్బినట్టు కనిపించినవారు 20 ఏళ్ల వయసులో 30 శాతం, 80 ఏళ్లలో 84 శాతం. నొప్పి లేనివారి మాట ఇది. 52 ఏళ్ల మీ మెడ స్కాన్‌లోనూ ఏదో ఒకటి కనిపించే అవకాశమే ఎక్కువ. అప్పుడు మణికట్టులో ఉన్న జబ్బుకు మెడకు వైద్యం మొదలవుతుంది. మీ ఎడమ చేతికి అవసరమైతే నెర్వ్ కండక్షన్ పరీక్ష చేస్తారు. చిన్న కరెంటు తాకిడితో నరం ఎంత వేగంగా కబురు మోస్తోందో కొలుస్తారు. కాస్త చిటుక్కుమంటుంది, అంతే.

చిన్నదానికే వెళ్లి, ఏమీ లేదని పంపిస్తే చిన్నతనం అన్నారు. చూసే మా వైపు నుంచి చెబుతాను. "ఏమీ లేదు" అని చెప్పగలగడం మాకు ఆ పూట దొరికే మంచి పనుల్లో ఒకటి. ఆ మాట అనడానికి ముందు ఏమేం లేవో ఒక్కొక్కటిగా చూసే అంటాం. ఎవరైనా చూడకుండానే విసుక్కుని పంపిస్తే చిన్నతనం వారిది. అక్కడి నుంచి ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వచ్చేటప్పుడు ఎప్పుడు ఏం ఎక్కువైతే తిరిగి రావాలో అడిగి, రాయించుకుని రండి.

చివరగా మీ వారు చెప్పిన విటమిన్ మాత్రలు. ఆయన చెప్పింది పూర్తిగా తప్పేమీ కాదు. బీ12 తగ్గితే నరాలు దెబ్బతింటాయి, ఒక్కోసారి రక్తహీనత కనిపించకముందే. మాంసం, గుడ్లు, పాలు ఏవీ తీసుకోనివారిలో, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో, కడుపులో ఆమ్లం తగ్గించే మాత్రలు చాలాకాలంగా మింగేవారిలో ఈ లోపం ఎక్కువ. అయితే ముందుగా మాత్రలు వేసుకుంటే రక్తంలో బీ12 పెరిగి కనిపించి, అసలు లోపం ఉందో లేదో తేల్చడం కష్టమవుతుంది. ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వేసుకుంటే ఇంకా చిక్కు, రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తూ నరం లోపల దెబ్బతింటూనే ఉంటుంది. నరాలకు మంచిదని అమ్మే మాత్రల్లో బీ6 కూడా ఉంటుంది. అది మోతాదు మించి నెలల తరబడి వేసుకుంటే అదే తిమ్మిరి తెస్తుంది. శుక్రవారం ఆసుపత్రిలో మీకు రక్తం తీసే ఉంటారు. ఆ కాగితాల్లో బీ12, థైరాయిడ్, షుగర్ ఉన్నాయేమో చూడండి. లేకపోతే ఎడమ చేతి కోసం వెళ్లినప్పుడు అడిగి చేయించుకోండి. ఆ మాత్రల సీసా అప్పటిదాకా మూత తీయకుండా ఉంచండి.